బజ్జీలు తిన్నాక బానెట్ ఎత్తగలమా?

మా ఇంట్లో కారు కొనడమంటే పెళ్ళిచూపుల కిందే లెక్క. 2025 సంక్రాంతికి ముందు ఖమ్మంలో ఒక సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి నలుగురం బయల్దేరాం. నాన్న, నేను, మా బాబాయి, బాబాయికి తెలిసిన ఒక డ్రైవరు. అమ్మేవాళ్ళు పరాయివాళ్ళేం కాదు, నాన్నతో పాటు ఏళ్ళ తరబడి ఒకే స్కూల్లో పని చేసిన మాస్టారి అల్లుడు. వెళ్ళగానే కుర్చీలు వేశారు, మంచినీళ్ళిచ్చారు, వేడి వేడి మిరపకాయ బజ్జీలు పెట్టారు, ఆ తర్వాత కాఫీ. అన్నీ అయ్యాక "రండి, కారు చూద్దురు గానీ" అన్నారు.

చూశాం. ఏం చూశామో చెప్తాను, నవ్వకండి. బాబాయి నంబరు ప్లేటు మీద అంకెలు కూడి "మొత్తం తొమ్మిదొచ్చింది, దివ్యంగా ఉంది" అన్నాడు. నాన్న డిక్కీ తెరిచి బియ్యం బస్తా పడుతుందో లేదో అంచనా వేశారు. డ్రైవరు హారన్ కొట్టి, ఏసీ వేసి, వీధి చివరిదాకా ఒక రౌండు తిప్పుకొచ్చి "బండి స్మూతుగా ఉంది సార్" అన్నాడు. ఇక నేను.. ఇంజనీరింగ్ వెలగబెట్టిన వాణ్ణి కదా, మ్యూజిక్ సిస్టమ్‌కి నా ఫోను బ్లూటూత్ కలుస్తుందో లేదో చూశాను. కలిసింది. అంతే, 4 లక్షల 20 వేలకి బేరం కుదిరిపోయింది. అది నాన్న రిటైర్మెంటు డబ్బు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగింది. ఆ అల్లుడుగారి కాలనీలోకి నీళ్ళొచ్చాయని మాకు తెలుసు. తెలియడమేంటి, ఆ వారంలోనే అమ్మా నాన్నా వాళ్ళింటికి వెళ్ళి పరామర్శించి కూడా వచ్చారు. గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో అమ్మ నాకు ఫోన్లో చెప్పి బాధపడింది. నాలుగు నెలల తర్వాత అదే ఇంట్లో, అదే గోడ పక్కన కూర్చుని బజ్జీలు తింటూ "ఆ రోజు కారు ఎక్కడుందండీ?" అని మాలో ఒక్కళ్ళం కూడా అడగలేదు. తట్టక కాదు. మిగతావాళ్ళ సంగతి తెలీదు గానీ నాకు తట్టింది. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే మోటు సామెత ఒకటుంది, మీకూ తెలిసే ఉంటుంది.

ఆ సామెత మా విషయంలో జూన్లో నిజమైంది. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక హైదరాబాదులో డాక్టరుకి చూపించి తీసుకొస్తున్నాం. సూర్యాపేట దాటి ఖమ్మం రోడ్డెక్కాం. రాత్రి తొమ్మిదిన్నర, జోరున వాన. హెడ్‌లైట్లు రెండూ ఒక్కసారే పోయాయి. తర్వాత డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగి ఆరిపోయాయి. తర్వాత ఇంజనూ ఆగిపోయింది. ఎలాగో బండిని రోడ్డు వారకి లాగాను. వెనక పార్కింగ్ లైట్లు కూడా వెలగడం లేదు. అమ్మ దిగి నడవలేదు, అద్దాలు దిగవు. వెనక నుంచి లారీలు వస్తున్నాయి. నాన్న బండికి యాభై అడుగుల వెనక, వానలో, ఫోను టార్చి చేత్తో ఊపుతూ నిలబడ్డారు. అరవై దాటిన మనిషి. నేను ఫోన్లు చేసి బండి లాక్కెళ్ళే వాళ్ళని పిలిపించేసరికి గంట పట్టింది. ఆ గంటా ఆయన అలాగే నిలబడి ఉన్నారు.

మర్నాడు మెకానిక్ బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవరు పక్క సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగాడు. రోజూ మనం పెట్టుకునేంత మేర శుభ్రంగానే ఉంది. లోపల చుట్టుకుని ఉండే ఆఖరి మూరెడు మాత్రం మట్టి రంగులో ఉంది, అడ్డంగా ఒక చార. "సార్, ఈ బండి నీళ్ళలో పడుకుంది" అన్నాడు. తర్వాత కార్పెట్ లేపితే కింద ఎండిపోయిన ఒండ్రు, వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము. మొత్తం వైరింగ్ మార్చాలంటే లక్షా అరవై వేలు దాకా అవుతుందన్నాడు. అతను ఆ బెల్టు లాగడానికి పట్టిన సమయం పది సెకన్లు. మేం బజ్జీలకి కేటాయించిన సమయం ముప్పావుగంట.

కొన్నాళ్ళకి ఏదో పెళ్ళిలో ఆ అల్లుడుగారు ఎదురై "కారు బాగా నడుస్తోందా మాస్టారూ?" అని అడిగాడు. మా నాన్న ఏమన్నారో తెలుసా? "ఆ.. బానే ఉంది బాబూ" :). అప్పుడు కూడా మొహమాటమే! ఆయనకి తెలిసే అమ్మాడా, గ్యారేజీ వాళ్ళు బాగు చేసేశాం అంటే నమ్మాడా అన్నది నేను తేల్చలేను. తేల్చి ప్రయోజనమూ లేదు. మేం అడిగి ఉంటే ఆయన నిజం చెప్పేవాడో, అబద్ధం చెప్పేవాడో. మేం అసలు అడగనే లేదు కాబట్టి ఆయన రెండూ చెప్పాల్సిన పని పడలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. మనవాళ్ళలో ఒక గట్టి అభిప్రాయం ఉంది: కారుని తడిమి తడిమి చూడ్డం, మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళడం, కాగితాలన్నీ అడగడం అంటే అమ్మేవాడిని దొంగ అన్నట్టే. తెలిసినవాళ్ళయితే మరీనూ. ఈ అభిప్రాయం తప్పు అనడంతో ఆగను, ఇది మంచివాళ్ళకే నష్టం చేస్తుందంటాను.

నా ఉద్యోగం సంగతే చూడండి. నేను రాసిన నాలుగు లైన్ల కోడుని ఇంకొకళ్ళు చూసి సరే అంటే గానీ అది ముందుకి కదలదు. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు "ఇక్కడ నల్ వస్తే ఏం చేస్తావన్నా?" అని అడుగుతాడు. వాడు నన్ను మోసగాడన్నాడని నేను అలగను. పైగా ఎవరూ చూడకుండా కోడు వెళ్ళిపోతే నాకే భయం. రివ్యూ చేసేది మనిషిని కాదు, కోడుని. ఆఫీసులో ఇంత బాగా అర్థమైన విషయం, నాలుగు లక్షలు పెట్టి ఇనప డబ్బా కొనేటప్పుడు నా బుర్రకి ఎందుకెక్కలేదో!

దీని మీద ఒక అర్థశాస్త్రవేత్త యాభై ఏళ్ళ కిందటే రాసిపెట్టాడు. జార్జ్ అకెర్లాఫ్ అని, 1970లో ఒక వ్యాసం ప్రచురించాడు. అమెరికాలో పైకి బాగుండి లోపల పాడైన కారుని 'నిమ్మకాయ' అంటారు. (మనం కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. వాళ్ళకి కారే నిమ్మకాయ.) ఆ వ్యాసం ఈ నిమ్మకాయల బజారు గురించే. మొదట మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపేశాయి. 2001లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన చెప్పింది మన భాషలో ఇదీ. ఒకే మోడల్, ఒకే సంవత్సరం కార్లు రెండున్నాయి. ఒకటి మంచిది, 5 లక్షలు చేస్తుంది. ఇంకోటి నిమ్మకాయ, 3 లక్షలు కూడా దండగ. ఏది ఏదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. తెలీనప్పుడు కొనేవాడు ఏం చేస్తాడు? "ఎందుకైనా మంచిది" అని మధ్యస్థంగా 4 లక్షలంటాడు. నిమ్మకాయ యజమాని ఎగిరి గంతేసి ఇచ్చేస్తాడు. మంచి కారు యజమాని "ఈ రేటుకి అమ్మేకన్నా ఇంట్లోనే ఉంచుకుంటా" అని వెళ్ళిపోతాడు. వాడు వెళ్ళిపోయాక బజార్లో మిగిలేవి ఎక్కువ నిమ్మకాయలే. అది చూసి కొనేవాళ్ళు ఇంకా రేటు తగ్గిస్తారు, ఇంకొందరు మంచివాళ్ళు తప్పుకుంటారు. ఎవరూ కుట్ర చేయక్కర్లేదు, బజారు దానంతటదే కుళ్ళిపోతుంది.

ఇప్పుడు చెప్పండి. కారుని పరీక్షగా చూడకపోతే ఎవరికి లాభం? నిమ్మకాయ అమ్మేవాడికి. చూస్తే ఎవరికి లాభం? కొనేవాడికి ఎలాగూ లాభమే, దాంతో పాటు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కారు చూసుకున్న యజమానికి కూడా. అతని నిజాయితీకి రేటు కట్టగలిగేది మన పరీక్ష ఒక్కటే. చూడకుండా డబ్బిచ్చి మనం చూపించేది మర్యాద కాదు, మంచివాడికీ మోసగాడికీ ఒకే మార్కులు వేస్తున్నాం.

నాన్న కోసం మళ్ళీ కారు కొనాల్సొచ్చినప్పుడు నేను ఈసారి ఒక వరస పెట్టుకుని తిరిగాను. ఏడు కార్లు చూసి ఎనిమిదోది కొన్నాం. ఆ వరసే చెప్తున్నాను. ఇందులో ఏదీ బ్రహ్మవిద్య కాదు.

ముందుగా, ఇంట్లో కూర్చునే చేసేవి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో, బండి మీద అప్పు ఉందో లేదో తెలుస్తాయి. ట్రాఫిక్ పోలీసుల వెబ్‌సైట్లో పెండింగ్ చలాన్లు చూడొచ్చు. (ఒక బండి మీద పదిహేడు చలాన్లున్నాయి, అన్నీ అతివేగానికే. "మా ఆవిడ కూరగాయలకి మాత్రమే వాడేదండీ" అన్నాడాయన. ఆ కూరగాయలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవాలి.) ఇంకోటి, ఇన్సూరెన్స్ పాలసీ కాపీ ఫోన్లో పంపమనండి. అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతంతో మొదలై ఐదేళ్ళు దాటితే 50 శాతం దాకా పెరుగుతుంది. ఒకే యజమాని, ఆరేళ్ళ కారు, బోనస్ మాత్రం సున్నా అంటే ఈ మధ్యే ఏదో క్లెయిమ్ అయ్యుండొచ్చు, లేదా పాలసీ చాన్నాళ్ళు ఖాళీగా ఉండిపోయుండొచ్చు. ఎందుకో అడగాలి. అడగడానికి మొహమాటమైతే వాట్సాప్‌లో అడగండి, మొహం కనపడదు.

పనిలో పనిగా అదే మోడల్ కొత్తదానికి ఇవాళ రేటెంతో కనుక్కోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, ముందు 28 శాతం, పైన సెస్సు ఉండేవి. పాతకార్లు అమ్మేవాళ్ళు కొందరు ఇంకా పాత షోరూం రేటు చెప్పి దాంట్లోంచి తగ్గించినట్టు మాట్లాడతారు.

కారు దగ్గరికి పగటి పూట వెళ్ళండి. వానలో వద్దు, తడి ఒంటి మీద సొట్టలూ గీతలూ కనపడవు. వెళ్తున్నట్టు ముందే చెప్పి "ఇంజను స్టార్ట్ చేసి ఉంచకండి" అనండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఎందుకు వేడెక్కించారో ఆలోచించండి. చల్లటి ఇంజను చెప్పే నిజాలు వేడి ఇంజను చెప్పదు. స్టార్ట్ చేసేటప్పుడు ఒకళ్ళు సైలెన్సర్ వెనక నిలబడాలి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ వస్తే ఇంధనం సరిగ్గా కాలడం లేదు. తెల్ల పొగ చలికాలం పొద్దున్నే కాసేపు వస్తే ఫరవాలేదు గానీ ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో అనుమానించాలి. ఆయిల్ మూత తీసి లోపల మీగడలాంటి పదార్థం ఉందేమో చూడండి. ఉంటే మెకానిక్ చూసేదాకా బేరం మాటెత్తకండి. రేడియేటర్ మూత మాత్రం ఇంజను వేడిగా ఉండగా తీయొద్దు, ఒళ్ళు కాలుతుంది.

నీళ్ళ సంగతి నాకు ఖరీదైన పాఠం కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. 2015 డిసెంబర్లో చెన్నై, 2020 అక్టోబర్లో హైదరాబాదు, 2024 సెప్టెంబర్లో విజయవాడ, ఖమ్మం.. మునిగిన కార్లన్నీ తుక్కుకి వెళ్ళవు. కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్ముతారు. అందుకని సీటు బెల్టులన్నీ చివరికంటా లాగండి. స్టెప్నీ తీసి దాని కింద గుంటలో చెయ్యి పెట్టండి. సీటు కింద పట్టాలకి తుప్పు ఉందేమో వంగి చూడండి. కార్పెట్ మూల లేపి వాసన చూడండి. హెడ్‌లైట్ల లోపల చెమ్మ, ఫ్యూజు పెట్టెలో మట్టి, డ్యాష్‌బోర్డు కింద స్క్రూలకి తుప్పు.. ఇవి దాచడం కష్టం. కారులో అతిగా సెంటు వాసన వస్తే అది కూడా ఒక గుర్తే.

ఇక యాక్సిడెంట్లు. తలుపులకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కిందదాకా ఒకేలా ఉండాలి, ఎడమ పక్క ఎంతో కుడి పక్కా అంతే ఉండాలి. బానెట్ బోల్టుల మీద రంగు లేచిపోయి ఉంటే వాటికి ఎప్పుడో పానా పడింది. తలుపుల రబ్బరు అంచుల మీద రంగు తుంపరలుంటే మళ్ళీ పెయింట్ వేశారు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి. రేకు మీద పట్టుకుంటుంది, మందంగా పుట్టీ నింపిన చోట పట్టుకోదు. (బంపర్లు ప్లాస్టిక్కే, అక్కడ అంటుకోలేదని గొడవ పెట్టుకోకండి.) డెంటింగ్ పెయింటింగ్ జరిగినంత మాత్రాన కారు చెడ్డదని కాదు. మన రోడ్ల మీద గీత పడని కారు ఉంటే అది షెడ్డులోంచి బయటికి రాలేదని అర్థం. మనకి కావలసింది ఏం జరిగిందో తెలియడం, అది వాళ్ళు చెప్పినదానితో సరిపోవడం. ఛాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నదానితో ఒక్కో అక్షరం పోల్చి చూసుకోవడం మాత్రం తప్పనిసరి.

మీటరు ఎంత తిరిగిందన్నది అన్నిటికన్నా తేలిగ్గా చెప్పగలిగే అబద్ధం. డిజిటల్ మీటర్ని వెనక్కి తిప్పడానికి స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు, ల్యాప్‌టాప్ చాలు. (ఆ చేసేది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళే అయ్యుంటారని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.) అందుకని మీటర్ని కాదు, అరుగుదలని నమ్మండి. మీటరు 32 వేలు చూపిస్తోంది, కానీ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయింది, స్టీరింగ్ తోలు మెరుస్తోంది, డ్రైవరు సీటు ఒక వైపు కుంగింది. మరి? టైరు పక్కన చిన్న గూడులో నాలుగంకెలుంటాయి. 3521 అంటే 2021లో 35వ వారంలో తయారైన టైరు. 2018 కారుకి 32 వేలు మాత్రమే తిరిగి నాలుగు టైర్లూ 2024వి అయితే, పాత టైర్లు అంత తొందరగా ఎందుకు మార్చారో అడగండి. సర్వీసు బిల్లులుంటే వాటి మీద ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లో రాసుంటుంది, వరసగా పెట్టి చూసుకోండి.

ఇది మాత్రం మా వృత్తి వాళ్ళకి నచ్చే ముక్క. ఓబీడీ పోర్టుకి తగిలించే బ్లూటూత్ డాంగిల్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, స్టీరింగ్ కింద గుచ్చితే ఇంజను కంప్యూటరు దాచుకున్న ఎర్రర్ కోడ్లు ఫోన్లో కనిపిస్తాయి. ఎర్రర్లేమీ లేవని వెంటనే సంబరపడకండి. అమ్మే ముందు వాటిని చెరిపేయడం ఒక్క బటన్ పని. కానీ చెరిపినట్టు కూడా అది గుర్తుంచుకుంటుంది! కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది చాలా కార్లలో చూడొచ్చు. నేను చూసిన నాలుగో కారులో ఆ అంకె 3. అంటే ఆ పొద్దున్నే గ్యారేజీలో చెరిపించి ఇంటికి తెచ్చుకున్నారన్నమాట. లాగ్ డిలీట్ చేసినవాడు డిలీట్ చేసిన లాగ్‌ని మర్చిపోయాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

డ్రైవింగ్ సంగతికొస్తే, పాటలు ఆపేసి, అద్దాలు దించి, కనీసం అరగంట నడపండి. స్పీడ్ బ్రేకర్ల మీద కింద నుంచి 'టక్ టక్' వినిపిస్తోందా, బ్రేకు వేస్తే ఒక పక్కకి లాగుతోందా, పై గేర్లో ఎక్సలేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదా (అంటే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి) చూసుకోండి. ఇవన్నీ అయ్యాక, అప్పటికీ కారు నచ్చితే, మీ మెకానిక్‌కి చూపించండి. మీ మెకానిక్ అంటే మీ దగ్గర డబ్బు తీసుకునేవాడు. బేరం కుదిరితే కమీషనొచ్చే మనిషి మెకానిక్ కాదు, మధ్యవర్తి. అతని చేతిలో స్పానరున్నా సరే. మా బాబాయి తెచ్చిన డ్రైవరుకి ఆ రోజు అటు నుంచి రెండు వేలు ముట్టాయని తర్వాత తెలిసింది.

"ఇంత గోలెందుకు, కంపెనీల దగ్గర సర్టిఫైడ్ కార్లున్నాయిగా, రెండొందల పాయింట్లు చెక్ చేస్తారుగా" అని మీరనొచ్చు. మంచిదే, వీధిలో కొనేకన్నా నయమే. కానీ ఆ రెండొందల పాయింట్లూ చూసిన మనిషికి జీతమిచ్చేది ఎవరు? అమ్మే కంపెనీయే. కోడు రాసినవాడే రివ్యూ కూడా చేస్తే మా ఆఫీసులో ఒప్పుకోరు. రిపోర్టు చదవండి, వారంటీలో ఏవి రావో ఆ పేజీ ఇంకా బాగా చదవండి, ఆ పైన మీ మెకానిక్‌ని తీసుకెళ్ళండి. వద్దంటే అదే జవాబు.

కాగితాల దగ్గర అలసిపోకండి. ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు తీరిన కారైతే బ్యాంకు ఇచ్చే ఫారం 35, వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్ఓసీ. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే డీజిల్ కార్ల కథ కూడా ఇక్కడే తేలుతుంది. అక్కడ పదేళ్ళు దాటిన డీజిళ్ళ మీద ఆంక్షల్ని 2018లో సుప్రీం కోర్టు కూడా సమర్థించింది, దాంతో చాలా బళ్ళు దక్షిణాదికి దిగాయి. ఇక్కడ రిజిస్ట్రేషన్‌కి, లైఫ్ ట్యాక్సుకి ఎంతవుతుందో కలుపుకుంటే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపు రాయాలి. అమ్మేవాళ్ళకీ ఒక మాట: "తర్వాత మార్చుకుంటాడులే" అని ఊరుకోకండి. ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారానికి వాళ్ళే బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. అంటే కాగితాలు మారేదాకా మీరు అమ్మిన కారు మీదే.

మేం కొన్న ఎనిమిదో కారు ఒక లెక్చరర్ గారిది. నేను అయస్కాంతం తీసేసరికి ఆయన నవ్వి "ఎడమ వెనక తలుపు దగ్గర అంటుకోదు బాబూ, 2022లో ఆటో గుద్దింది, ఇదిగో బిల్లు" అన్నారు. ఫైలు మొత్తం నా చేతిలో పెట్టారు. మెకానిక్ని తెచ్చుకుంటానంటే "తప్పకుండా, నేను కొన్నప్పుడు అదే చేశాను" అన్నారు. ఆయన చెప్పిన రేటు మార్కెట్టు కన్నా పాతిక వేలు ఎక్కువ. నాన్న బేరమాడకుండా ఇచ్చేశారు. ఆయన కూడా కాఫీ ఇచ్చారు. కాకపోతే అన్నీ చూడ్డం అయ్యాక :)

ఇక మిగిలింది మునిగిన పాత కారు. బాబాయి స్నేహితుడొకాయన సలహా ఇచ్చాడు: "ఓ ముప్పై వేలు పెట్టి పైపైన వైరింగు సరిచేయించి, పాలిష్ కొట్టించి, ఆన్‌లైన్లో పెట్టెయ్. ఎవడు చూస్తాడు?" నిజమే, ఎవరూ చూడరు. మేం చూశామా? మూడున్నర లక్షలకి తేలిగ్గా పోయేది. నాన్న ఏమీ అనలేదు, నీ ఇష్టంరా అన్నారు. ఆయన డబ్బే, అయినా అలా అన్నారు. రెండు రోజులు నేను కూడా ఆలోచించాను, గొప్పలు చెప్పుకోను. కొనేవాడి అమ్మ వెనక సీట్లో ఉంటే, ఎవరి నాన్నో వానలో టార్చి పట్టుకుని నిలబడితే.. అన్నది ఎటూ తోసెయ్యలేకపోయాను. ప్రకటనలో మొదటి వాక్యమే "వరదలో మునిగిన కారు" అని రాశాను. మూడు వారాలు ఫోన్లొచ్చాయి, ఎక్కువమంది "నిజంగానే అలా రాశారా, ఇంకేదైనా మతలబుందా?" అని అడగడానికే. చివరికి పాతబళ్ళు బాగుచేసి అమ్మే ఒక మెకానిక్ 1 లక్షా 35 వేలకి తీసుకున్నాడు. అమ్మకం కాగితం మీద మునిగిన బండి అని రాయించి ఇద్దరం సంతకాలు పెట్టాం, పేరు మారేదాకా వెంటపడ్డాను.

మాకు పోయింది 2 లక్షల 85 వేలు. అతను దాన్ని బాగు చేసి ఎవరికి అమ్ముతాడో, ఏమని చెప్పి అమ్ముతాడో నా చేతుల్లో లేదు. తెల్ల కారు, నంబరు కూడితే తొమ్మిదొస్తుంది. ఎప్పుడైనా మీకు దివ్యంగా కనిపిస్తే, బజ్జీలు పెడితే తినండి, పాపం వద్దనకండి. చెయ్యి కడుక్కుని మాత్రం ముందు సీటు బెల్టు చివరికంటా లాగి చూడండి.